టర్బో మార్చే ముందు గాలి లీకు చూసుకో

తమ్ముడూ, యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమంటోందనీ, బండి లాగడం లేదనీ, ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోను మార్చాలని గ్యారేజీ వాళ్లు అంటున్నారనీ రాశావు. ముందు ఆ డబ్బు జేబులోనే ఉంచు.

ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది నాకూ ఇదే జరిగింది. సెకండ్ హ్యాండ్ కారు. ఇంజన్ లైటు వెలిగింది, కోడ్ పి0299. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, తక్కువగా ఉందని దానర్థం. తప్పు టర్బోదేనని అది చెప్పదు. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. గ్యారేజీలో టర్బో పోయిందన్నారు. భాష కొత్త, ఎదురు అడగడానికి మొహమాటం. ఇంటికి పంపాల్సిన రెండు నెలల డబ్బు పోసి కొత్తది వేయించాను. బండి బయటికి తీసిన రోజే మళ్లీ బుస్సు! చివరికి టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం అడుగున గోరంత చీలిక దొరికింది. పైనుంచి చూస్తే గొట్టం నున్నగా ఉంది, చేత్తో వంచితేనే చీలిక నోరు తెరిచింది. చుట్టూ ఆయిల్ తడి, దాని మీద నల్లటి దుమ్ము. ఆ మరక ముందే చూసి ఉంటే నా రెండు నెలల కష్టం మిగిలేది.

ఆ తర్వాత నేనే నేర్చుకున్నాను. నువ్వూ నేర్చుకోవచ్చు, మీ వయసు వాళ్లు భయపడినంత పని కాదు. ఇంజన్ ఆపి చల్లారనివ్వు. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బో మూతికి వచ్చే గొట్టం విప్పి, టైరు వాల్వు ఉన్న మూతను ఆ మూతికి క్లాంపుతో గట్టిగా బిగించు. ఎదురుగా మాత్రం నిలబడకు, ఊడితే రాయిలా వచ్చి తగులుతుంది. ఆయిల్ పోసే మూత తీసి ఉంచు. ముందు ఆ వాల్వు ద్వారా 5 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలిచే లెక్క) గాలి పెట్టు, నెమ్మదిగా 10 దాకా పెంచు. నీ బండి మామూలు బూస్ట్ దాటించకు. ప్రతి అతుకు మీదా, ఇంటర్‌కూలర్ చివర్ల మీదా సబ్బునీళ్లు కొట్టు. బుడగలు వచ్చిన చోటే లీకు. ఆయిల్ మూత దగ్గరో, సైలెన్సర్‌లోనో సన్నగా గాలి వినిపిస్తే కంగారుపడకు, వాల్వులు తెరిచి ఉంటే కొంత గాలి అటు పోతుంది. అది విని ఇంజనే పోయిందనుకుని నేనో రాత్రంతా నిద్రపోలేదు.

వారంటీ ఉంటే నువ్వేమీ విప్పకు, షరతులు నీ కాగితాల్లోనే ఉంటాయి. గ్యారేజీకే వెళ్తే, ప్రెషర్ పెట్టి చూశారా, ఎన్ని పీఎస్ఐకి అని అడుగు. గొట్టాల్లోకి పొగ పంపి లీకు వెతికే పొగ మిషన్‌తో చూశామంటే సరిపెట్టుకోకు. మామూలు పొగ మిషన్ ఒత్తిడి చాలా తక్కువ, నాది లాంటి చీలిక దానికి నోరు తెరవకపోవచ్చు. జవాబు వచ్చేదాకా కార్డు తీయకు.