పక్క లేన్ బండి జుయ్యిమని పోతుంటే... టోళ్ళ మీద మీ ప్రశ్నలు

ప్ర: పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ట్యాక్స్ కడుతూనే ఉన్నాం, రోడ్లు వేసేది ఆ డబ్బుతోనే కదా. మళ్ళీ అదే హైవేలో పక్కన ఎక్స్‌ప్రెస్ లేన్ అని ఒకటి పెట్టి, దానికి పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు, రద్దీ పెరిగితే ఇంకో రేటు అంటున్నారు. డబ్బున్నోడు జుయ్యిమని పోతాడు, మేం బంపరుకి బంపరు ఆనించి చూస్తూ కూర్చోవాలి. ఇది పబ్లిక్ రోడ్డా, సినిమా హాల్లో బాల్కనీయా?

జ: బాల్కనీ పోలిక బావుందండీ, కానీ ఒక్కచోట కుదరదు. బాల్కనీ నిండాక హౌస్‌ఫుల్ బోర్డు పెడతారు (బ్లాక్‌లో అమ్మేవాళ్ళ సంగతి వదిలెయ్యండి), ఇక్కడ అసలు నిండకుండా ఉండటానికే రేటు పెంచుతారు. మామూలు టోల్ రోడ్డు వేసిన అప్పు తీర్చుకోడానికి, ఎక్స్‌ప్రెస్ లేన్ రేటేమో కొంతమందిని అందులోకి రాకుండా ఆపడానికి. రెండిట్నీ టోల్ అనే పిలుస్తాం కాబట్టి సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

ఎందుకు ఆపాలి అంటే, హైవేలో ఒక లేన్ గంటకి సుమారు 2000 బండ్లని సాఫీగా దాటిస్తుంది, ఆ హద్దు దాకా వచ్చాక ఇంకో నాలుగు బండ్లు దూరాయంటే బ్రేకుల మీద బ్రేకులు పడి వేగం పడిపోతుంది, అది అందరికీ తెలిసిందే, తెలియనిదేంటంటే గంటకి దాటే బండ్ల లెక్క కూడా పడిపోతుంది. అంటే రోడ్డు అవసరం బాగా ఉన్న టైములోనే రోడ్డు తక్కువ పని చేస్తుందన్నమాట. అందుకే అమెరికాలో కార్‌పూల్ లేన్లోకి (ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్ళే కార్లకి వదిలిన లేన్) డబ్బు తీసుకుని ఒంటరి డ్రైవర్లని రానిచ్చే చోట ఫెడరల్ చట్టం ఒక షరతు పెట్టింది, రద్దీ వేళల్లో 90 శాతం టైము సగటు వేగం గంటకి 45 మైళ్ళకి తగ్గకూడదని. టోల్ బోర్డు మీద రేటు పైకీ కిందకీ ఆడేది ఈ వేగం కోసమే, పైన ఎవరో కూర్చుని మన జేబు చూసి మార్చట్లేదు. శాన్‌డియేగోలో ఐ-15 హైవే మీద 1998 నుంచే ప్రతి 6 నిమిషాలకీ రేటు మారేది, అందులోంచి వచ్చిన డబ్బుతో అదే దారిలో బస్సు కూడా నడిపారు. ఈ ఆలోచన అంతకన్నా చాలా పాతది, విలియం విక్రీ అనే ఎకనమిస్టు 1950ల్లోనే రద్దీని బట్టి రేటు పెట్టండి అని చెప్పాడు, అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ, 1996లో వేరే పరిశోధనకి నోబెల్ ఇచ్చారు, ప్రకటించిన మూడు రోజులకే పోయాడు పాపం.

ఇంతా చెప్పాక మీ కోపం తప్పంటానా, అనను. 2017 డిసెంబరులో వర్జీనియాలో వాషింగ్టన్ పక్కనున్న ఐ-66 హైవే మీద ఈ పద్ధతి పెట్టిన మొదటి వారంలోనే బోర్డు మీద 40 డాలర్లు దాకా కనబడింది, ఒక వైపుకి, పది మైళ్ళ దారికి! అధికారులు చెప్పింది కూడా నిజమే, అంతకుముందు ఆ రద్దీ వేళల్లో కారులో ఒక్కడే ఉంటే ఆ రోడ్డెక్కడానికే వీల్లేదు, ఈ పద్ధతితో డబ్బు కట్టి ఎక్కొచ్చు, అప్పట్లో ఇద్దరుంటే ఫ్రీ (2022 డిసెంబరు నుంచి ముగ్గురుండాలి). కానీ అదే చేత్తో రద్దీ వేళలంటూ గంటలు పొడిగించారు, దాంతో కాస్త ముందో వెనకో బయల్దేరి ఫ్రీగా పోయేవాళ్ళు కూడా బుక్కయిపోయారు. పైగా అక్కడ పక్కన ఫ్రీ లేన్ అంటూ ఏదీ లేదు, రోడ్డు మొత్తానికీ టోలే. నా లెక్కలో న్యాయం అన్యాయం తేలేది ఇక్కడ. కొత్తగా ఒక లేన్ వేసి దానికి రేటు పెడితే, ఇష్టమున్నోడు ఎక్కుతాడు, లేనోడికి నిన్నటి రోడ్డు అలాగే ఉంటుంది. నిన్న ఊరికే పోయిన రోడ్డుకి ఇవాళ రేటు పెట్టి, "ఇష్టమైతేనే ఎక్కండి" అంటే మాత్రం అది మాటల గారడీ.

డబ్బున్నోళ్ళ లేన్ అన్న మాట అమెరికాలో కూడా ఉంది, ఖరీదైన కారు పేరు పెట్టి లెక్సస్ లేన్ అని ఎక్కిరిస్తారు. కాలిఫోర్నియా 91 నంబరు హైవే మీద చూసిందేంటంటే ఎక్కువసార్లు ఎక్కేది పై ఆదాయం వాళ్ళే, అయితే తక్కువ జీతాల వాళ్ళు కూడా ఎక్కుతారు, రోజూ కాదు, పిల్లని తీసుకురావడం లేటయినప్పుడు, షిఫ్టు తప్పిపోతుందనుకున్నప్పుడు. దీన్ని చూపించి "చూశారా, పేదోళ్ళకీ మేలే" అనేవాళ్ళున్నారు. నాకైతే ఆ వాదన సగమే ఎక్కుతుంది, గతిలేక కట్టడాన్నీ ఇష్టపడి కట్టడాన్నీ ఒకే గాటన కట్టలేం కదా.

ఆ 91 కథలో అసలు మెలిక వేరే ఉంది. 1995 డిసెంబరులో ఒక ప్రైవేటు కంపెనీ హైవే మధ్య ఖాళీలో 10 మైళ్ళ మేర టోల్ లేన్లు వేసి తెరిచింది. ఒప్పందంలో ఒక షరతు, 2030 దాకా పక్కనున్న ఫ్రీ లేన్లని ప్రభుత్వం పెంచకూడదు అని. మళ్ళీ చదవండి, పక్కన జామ్ ఎంత ఉంటే కంపెనీకి అంత గిరాకీ! తర్వాత ప్రభుత్వం ఫ్రీ లేన్ల వైపు కాస్త వెడల్పు చేద్దామంటే కంపెనీ కోర్టుకెళ్ళింది, జనం మండిపడ్డారు, చివరికి 2003లో ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 20 కోట్ల 75 లక్షల డాలర్లు పోసి ఆ లేన్లు కొనుక్కుంటే గానీ ఆ షరతు వదల్లేదు. కాబట్టి బోర్డు మీద అంకె చూసి తిట్టుకునే ముందు ఆ ఒప్పందం కాగితం అడిగి చదవండి, తిట్టాల్సినవి అందులోనే ఎక్కువుంటాయి.

ఆ, పెట్రోలు ట్యాక్స్ మాట మర్చిపోయా. అమెరికాలో ఫెడరల్ పెట్రోలు ట్యాక్స్ 1993 నుంచి గ్యాలనుకి 18.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది, ధరలు పెరిగాయి, అది పెరగలేదు, ఎలక్ట్రిక్ కారు వాడైతే అది కట్టేదే లేదు. రెండుసార్లు కట్టించుకుంటున్నారన్న మీ మాట కరెక్టే, కాకపోతే మొదటిసారి కట్టేది ఇప్పుడు చాలట్లేదు.

ప్ర: ఒకసారి పెట్టిన టోల్ ఎప్పటికైనా ఎత్తేస్తారా, లేక మన మనవలు కూడా కట్టాల్సిందేనా?

జ: ఎత్తేసిన చోట్లున్నాయి. టెక్సస్‌లో డాలస్–ఫోర్ట్‌వర్త్ రోడ్డు 1957లో టోల్‌తో తెరిచారు, అప్పు తీరగానే 1977 చివర్లో టోల్ తీసేశారు, మాట మీద నిలబడ్డారు. స్పెయిన్‌లో కంపెనీల గడువు అయిపోయాక 2021 సెప్టెంబరులో బార్సిలోనా వైపు పెద్ద మోటార్‌వేలు ఫ్రీ చేసేశారు. ఇంకోపక్క పెన్సిల్వేనియా టర్న్‌పైక్, 1940లో తెరిచిన టోల్ హైవే, ఇప్పటికీ టోలే. పైగా 2007లో ఒక చట్టం చేసి, ఆ టోల్ సంస్థ ఏటా 45 కోట్ల డాలర్లు రాష్ట్రంలో వేరే రోడ్లకీ బస్సులకీ ఇవ్వాలన్నారు, అది అప్పు చేసి ఇచ్చింది, ఆ అప్పు తీర్చడానికి టోల్ ఏడాదికోసారి పెంచుకుంటూ పోయింది. సొంత అప్పు చాలదని ఊళ్ళో వాళ్ళ అప్పు కూడా నెత్తినేసుకున్నట్టు.

ప్ర: లారీకి టోల్ కారుకి నాలుగైదు రెట్లు గుంజుతున్నారు, మేమేమైనా రోడ్డు తింటున్నామా? – ఒక లారీ డ్రైవర్

జ: ఏమీ అనుకోవద్దు అన్నా, తింటున్నారు. 1958–60లో అమెరికాలో ఇల్లినాయ్‌లో టెస్టు కోసమే రోడ్లు వేసి, వాటిమీద రాత్రీ పగలూ లారీలు తిప్పి చూశారు. యాక్సిల్ (ఇరుసు) మీద బరువు రెట్టింపయితే రోడ్డుకి దెబ్బ రెండింతలు కాదు, దాదాపు 16 రెట్లని తేలింది. ఆ లెక్కన మీ దగ్గర తీసుకునేది తక్కువే. బరువు మోయించేది ఓనరు, కట్టేది ఓనరా మీరా అన్నది వేరే పంచాయితీ, దాంట్లో నేను మీ వైపే.

ప్ర: ఇన్ని మాటలెందుకు, ఓటింగ్ పెట్టండి. రోడ్డెక్కడానికి డబ్బు కడతానని ఓటేసే పిచ్చోడు ఎవడైనా ఉంటాడా?

జ: ఉన్నారు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో సిటీలోకి వచ్చే కార్లకి చార్జీ అంటే మొదట్లో జనం బాగా వ్యతిరేకమే. 2006 జనవరి నుంచి జులై దాకా ట్రయల్ అని పెట్టారు, ట్రాఫిక్ ఐదో వంతు దాకా తగ్గింది, కళ్ళతో చూశాక సెప్టెంబరులో సిటీలో ఓటింగ్ పెడితే ఎక్కువమంది ఉంచండి అన్నారు, 2007 ఆగస్టు నుంచి పర్మనెంట్ అయిపోయింది. కాకపోతే మీకు పనికొచ్చే ముక్క కూడా ఒకటుంది, చుట్టుపక్కల మున్సిపాలిటీలు కొన్ని సొంతంగా ఓటింగ్ పెట్టుకుంటే, రోజూ బయట్నుంచి సిటీలోకి కారేసుకొచ్చే ఆ జనంలో ఎక్కువమంది వద్దన్నారు. అప్పుడే కొత్తగా వచ్చిన ప్రభుత్వం చార్జీ తీసెయ్యలేదు గానీ, వచ్చే డబ్బు ఆ చుట్టుపక్కల కొత్త రోడ్లకి పెడతామంది.