యానాంలో ఒక రోజు: వెంట వచ్చే ఫ్రెంచి స్నేహితురాలికి ఏం చూపించాలి?

సందేహం: మాది అమలాపురం. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఉద్యోగంలో చేరి పది నెలలయింది. సంక్రాంతికి మూడు వారాల సెలవు మీద ఇంటికి వెళ్తున్నాను. మా ఆఫీసులో పనిచేసే ఫ్రెంచి అమ్మాయి కూడా నాతో వస్తోంది. ఆమెకు ఒక రోజు యానాం చూడాలని ఉంది. మా నాన్నగారేమో యానాంలో చూడడానికి ఏముంది, దిండి తీసుకువెళ్ళి పడవ ఎక్కించమంటున్నారు. ఒక్క రోజులో యానాం ఎలా చూపించాలి? కారు మాట్లాడుకోవాలా? ఎంత ఖర్చవుతుంది?

జవాబు: నీ వయసు మా పెద్దమ్మాయి వయసే కనుక చనువుగా నువ్వనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మాది మురమళ్ళ. మీ అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళే బస్సు ముమ్మిడివరం దాటాక మా ఊరి మీదుగానే ఎదుర్లంక చేరి, వంతెనెక్కి యానాంలో దిగుతుంది. నేను 1998లో పారిస్ శివార్లకు వచ్చాను. ఇక్కడే ఇల్లు కొనుక్కున్నాం, పిల్లలు ఇక్కడే పెద్దవాళ్ళయ్యారు. నువ్వడిగిన యానాం ప్రయాణం నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి పూర్తిగా చెడగొట్టుకున్నాను కనుక దాని గురించే ఎక్కువ చెబుతాను.

ఆ అమ్మాయి వీసా, మీ ఇంట్లో దిగితే విదేశీయుల బస గురించి అధికారులకు తెలపవలసిన వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో స్పష్టంగా ఉంటాయి, టికెట్లు కొనక ముందే చూసుకోండి. కారు, ఖర్చు గురించి నువ్వు రెండు వాక్యాలు రాశావు. ఆ అమ్మాయి నీకు ఏపాటి స్నేహితురాలో, ఆదివారాలు నువ్వు ఎవరితో గడుపుతున్నావో ఒక్క ముక్క కూడా రాయలేదు. పది నెలలయినా కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ విషయం రాయడం తోచదు, నాకూ తోచలేదు. కాని ఇన్నేళ్ళలో నేను చూసినంతవరకు మనవాళ్ళను ఈ దేశంలో కుంగదీసేది డబ్బు కొరత కాదు, మాట్లాడే మనిషి లేకపోవడం.

నా మొదటి చలికాలం సంగతి చెబుతాను. మావారు ఉదయం ఏడింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి వచ్చేవారు. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడేది. మా మేడమీద ఎదురింట్లో ఉద్యోగ విరమణ చేసిన బడి పంతులమ్మ ఒకావిడ ఉండేవారు. ఒకనాడు లిఫ్టు దగ్గర నన్ను ఆపి ఏ ఊరని అడిగారు. మురమళ్ళ అంటే తెలియదని, గోదావరి నది, యానాం పక్కన అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నదట, మన పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు పాండిచ్చేరి, చంద్రనగరం, యానాం, కారైకాల్, మాహే అని భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలు అయిదింటినీ గుక్క తిప్పుకోకుండా చెప్పారు. చెప్పి, యానాం ఎలా ఉంటుందని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఏటికి అవతల ఒడ్డున ఉన్న ఆ ఊరి గురించి నాకు తెలిసిందల్లా అక్కడ పెట్రోలు చౌక, మగవాళ్ళు తాగడానికి వెళ్తారు అన్నంతవరకే. అవునని తల ఊపి ఇంట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడ అందించిన చెయ్యిని వదులుకున్నానని తెలియక, ఆ చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చాను.

2001లో మొదటిసారి సెలవుకు వెళ్ళినప్పుడు నా ఆఫీసువాళ్ళు ఇద్దరు కూడా వచ్చారు. నేను చేసిన మొదటి తప్పు విశాఖపట్నంలో పెద్ద ఏసీ కారు మాట్లాడడం. దానికే మా ఇంట్లో నెల సరుకులకు అయ్యేంత డబ్బు పోయింది. రెండో తప్పు ఏడు చోట్లు చూపించాలని పట్టిక రాసుకోవడం. బయలుదేరడమే ఆలస్యమై, మేము యానాం చేరేసరికి మిట్టమధ్యాహ్నమయింది. మీసాల వెంకన్న గుడి తలుపులు మూసేశారు. మా బాబాయి వరసైన ఆయన ముందు సీట్లో కూర్చుని, అతిథులకు ఎండ తగలకూడదని ఎక్కడా దిగనివ్వలేదు. సెయింట్ ఆన్స్ చర్చి దగ్గర పది నిమిషాలు ఆగాం. అప్పటికింకా వంతెన రాలేదు, ఎదుర్లంక దాటాలంటే బళ్ళను, మనుషులను ఏరు దాటించే పంటు ఎక్కాలి. రేవులో లారీల వెనుక గంటన్నర నిలబడ్డాం. కొబ్బరికాయల బుట్టలు, సైకిళ్ళు, మేకలు, కొత్త పెళ్ళికూతురు అన్నీ మా కళ్ళ ముందే ఆ పంటు ఎక్కుతుంటే, నా అతిథులు అద్దాల వెనుక నుంచి చూస్తూ కూర్చున్నారు. ఇంటికి చేరాక పాతిక మంది చుట్టాలు వచ్చారు. నేను వాళ్ళతో తెలుగులో పడిపోయాను, అతిథులిద్దరూ వరండాలో నవ్వు పులుముకుని గంటలు గడిపారు. తిరిగి పారిస్ వచ్చాక వాళ్ళు మర్యాదగా కృతజ్ఞతలు చెప్పారు, మరెప్పుడూ మా ఇంటికి రాలేదు.

రెండోసారి వెళ్ళింది 2007లో, ఎదురింటి పంతులమ్మగారిని వెంటబెట్టుకుని. అప్పటికి నేను ఆ పంతులమ్మగారి తలుపు తట్టడం నేర్చుకున్నాను. ఆవిడకు జవాబు చెప్పాలన్న పట్టుదలతోనే యానాం గురించి చదివాను, నువ్వు కూడా ఈ మాత్రం తెలుసుకుని వెళ్ళు. గోదావరి పాయల్లో ఒకటైన గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోట, 1723లో ఫ్రెంచివారు అక్కడ వ్యాపార స్థావరం పెట్టారు. నాలుగేళ్ళకే విడిచిపెట్టి, 1731లో మళ్ళీ వచ్చారు. వాళ్ళకు కావలసింది మన నేతబట్ట. అదే బట్ట కోసం పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు, పాలకొల్లు, నరసాపురాలలో మనవాళ్ళు వలందులని పిలిచిన డచ్చివారు మకాం వేశారు. యుద్ధం జరిగినప్పుడల్లా ఇంగ్లీషువారు యానాం పట్టుకోవడం, సంధి కుదిరినప్పుడు తిరిగి ఇవ్వడం. పొరుగున ఉన్న కోరంగి ఆ రోజుల్లో పెద్ద ఓడరేవు. 1789, 1839 తుపానులు దాన్ని దెబ్బతీశాయి. అయినా రంగూనులో, మారిషస్‌లో తెలుగువాళ్ళను కోరంగీలనే పిలిచేవారు, అంటే మనకు ముందు ఇల్లు విడిచి వెళ్ళినవాళ్ళు ఈ రేవు పేరునే వెంట తీసుకువెళ్ళారన్నమాట. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారు ముందు నిలిచి యానాంను విముక్తం చేశారు. ఆ నవంబరు 1న పాలన మన చేతికి వచ్చింది, చట్టపరంగా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. అప్పుడు కొన్ని కుటుంబాలు ఫ్రెంచి పౌరసత్వాన్నే ఎంచుకున్నాయి. చుట్టూ ఆంధ్ర ఉన్నా యానాం నేటికీ పుదుచ్చేరిలో భాగమే.

ఈసారి కారు లేదు. మురమళ్ళలో బస్సెక్కి, కొత్త వంతెన మీదుగా ఉదయం ఎనిమిది కాకుండానే యానాంలో దిగాం. బాలయోగిగారి పేరున్న ఆ వంతెన మీద బస్సు మెల్లగా వెళ్తుంటే పంతులమ్మగారు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడే ఉన్నారు. మాతో మా నాయనమ్మ కూడా వచ్చింది. పెద్దావిడను ఎందుకు తిప్పుతావని ఇంట్లో అందరూ కోప్పడ్డారు. మీసాల వెంకన్న దర్శనం చేసుకుంటానని ఆవిడే పట్టుపట్టింది కనుక తీసుకువెళ్ళాను. నేను చేసిన మంచిపని అదొక్కటే, అదీ అనుకోకుండా జరిగింది.

దర్శనమయ్యాక గుడి బయట అరుగు మీద కూర్చున్నాం. పంతులమ్మగారు నాయనమ్మను ఇక్కడికి ఇంతకు ముందు వచ్చారా అని అడిగారు, నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ కాసేపు పలకలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, తన పెళ్ళి ఈ ఊళ్ళోనే జరిగిందని చెప్పింది. నాకు మతిపోయింది. బాల్య వివాహాలను ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చింది కదా, అది బ్రిటిషు నేల మీద చెల్లేది కాని ఫ్రెంచి యానాంలో చెల్లేది కాదు. అందుకే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆడపిల్లలను పడవలెక్కించి ఇక్కడికి తెచ్చి పెళ్ళిళ్ళు చేసేవారు, యానాంను కళ్యాణపురం అని కూడా అనేవారు. నాయనమ్మకు అప్పుడు పదకొండేళ్ళట. చీకటితోనే నాటుపడవ ఎక్కించారట, ఒళ్ళో నిద్రపోయిందట, లేచేసరికి మెళ్ళో తాళి కట్టే వేళయిందట. పెళ్ళి కంటే ఆవిడకు బాగా గుర్తున్నది టోపీ పెట్టుకున్న ఒక ఫ్రెంచి బంట్రోతు, తనవంక చూసి నవ్వాడని. నిత్యకళ్యాణం జరిగే మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడి పక్కనే పుట్టి పెరిగిన నేను, అప్పటికి ముప్పై అయిదేళ్ళ దాన్ని, మా నాయనమ్మ పెళ్ళి ఎక్కడ జరిగిందో ఒక్కనాడూ అడగలేదు. పరాయి దేశపు మనిషి అడిగితే తెలిసింది.

పంతులమ్మగారు ఇప్పుడు మీ వయసెంత అని అడిగారు. నాయనమ్మ డబ్బులైనా ఏళ్ళైనా ఇరవైలతోనే లెక్కపెట్టేది. నాలుగిరవైల అయిదు అంది. ఫ్రెంచిలో ఎనభై అయిదును అచ్చం అలాగే, నాలుగిరవైల అయిదు అనే చెబుతారని నువ్విప్పటికే గమనించి ఉంటావు. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు ఫ్రెంచిలోకి మార్చి చెప్పగానే పంతులమ్మగారు చప్పట్లు కొట్టి నవ్వారు. నాయనమ్మకు సంగతి వివరించాక ఆవిడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తరువాత వాళ్ళిద్దరికీ నా అవసరం పెద్దగా పడలేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏటిగట్టు దాకా నడిచారు, నేను చెప్పుల సంచీ పట్టుకుని వెనక నడిచాను.

కాబట్టి నీకు చెప్పేదేమిటంటే, ఉదయం ఎనిమిదికల్లా యానాంలో ఉండు, గుడులు మధ్యాహ్నం మూసేస్తారు. ముందు గుడి, తరువాత 1846లో కట్టిన చర్చి, పెద్ద మసీదు, అన్నీ నడిచి చూసేంత దగ్గరలోనే ఉంటాయి. చర్చిలోనూ మసీదులోనూ ఫొటో తీసే ముందు అక్కడివాళ్ళను అడుగు, అడగడంతోనే మాటలు మొదలవుతాయి. మంగళవారం కుదిరితే మరీ మంచిది, ఆ రోజు సంత. ఫ్రెంచివారి కాలంలో విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్ళవాళ్ళు ఎగబడి వచ్చిన ఊరు అది. జనవరిలో ప్రజా ఉత్సవాలు కూడా జరుగుతాయి, పూల ప్రదర్శన బాగుంటుంది కాని ఆ జనంలో మాట్లాడుకోవడం కుదరదు, తేదీలు తెలుసుకుని ఆ రోజులు తప్పించు. భోజనంలో పులస పెట్టిస్తామని ఎవరైనా అంటే నమ్మకు, పులస వరదనీరు వచ్చే రోజుల్లో ఎదురీదుకుంటూ వచ్చే చేప, సంక్రాంతికి దొరకదు. రొయ్యల ఇగురు, పండుగప్ప పులుసు చాలు, కారం తగ్గించమని ముందే చెప్పు.

ఎండ తగ్గాక ఏటిగట్టుకు వెళ్ళండి. శివలింగానికి రెండు ఏనుగులు అభిషేకం చేస్తున్నట్టు ఉండే బొమ్మలు, భారతమాత, ఏసుక్రీస్తు విగ్రహాలు అన్నీ అక్కడే ఉంటాయి. మడ అడవులు చూడాలనుంటే ఆ పని మరో రోజుకు పెట్టుకో. కాకినాడ దారిలో కోరంగి అభయారణ్యం ఉంది, దానికి సగం రోజు కావాలి. ఒకే రోజులో రెండూ ఇరికిస్తే 2001లో నేను చేసినట్టే అవుతుంది. దిండి గురించి నాన్నగారు చెప్పింది తప్పేమీ కాదు, పడవ షికారు హాయిగానే ఉంటుంది, కాని ఆ అమ్మాయి అడిగింది యానాం. ఖర్చు అంటావా, బస్సు టికెట్లు, భోజనం, ఆటో కలిపినా లియోన్‌లో ఒక పూట హోటల్ భోజనం డబ్బు కాదు. మిగిలిన డబ్బుతో తిరిగి వెళ్ళాక ఆమెను నెలకోసారి భోజనానికి పిలువు.

చుట్టాలకు మాత్రం ఆ రోజు వస్తున్నట్టు చెప్పకు, మరునాడు అందరినీ పిలుచుకోవచ్చు. ఆమె ఏదైనా అడిగితే గూగుల్ చూసి చెప్పవద్దు, పక్కనున్న పెద్దవాళ్ళను అడిగి తెలుగు నుంచి ఫ్రెంచిలోకి మార్చి చెప్పు. నీ ఫ్రెంచి తడబడినా ఫరవాలేదు. నేను పట్టిక రాసుకుని అప్పజెప్పిన రోజు ఎవరూ నా స్నేహితులు కాలేదు.

ఆ పంతులమ్మగారు ఇప్పటికీ మా ఎదురింట్లోనే ఉన్నారు. ప్రతి ఆదివారం సాయంత్రం టీకి వస్తారు. మా నాయనమ్మ పోయిందని కబురు వచ్చిన రాత్రి మావారు ఊళ్ళో లేరు, తెల్లవార్లూ నా పక్కన కూర్చున్నది ఆవిడే.

మీ ఇంట్లో నాయనమ్మగారో అమ్మమ్మగారో ఉండి, ఎనభై దాటి ఉంటే, ఫ్రెంచివారు యానాంలో ఉన్న రోజులు చూసే ఉంటారు. వెళ్ళేముందే ఆవిడను అడిగి వెంట తీసుకువెళ్ళు. జనవరిలో పొద్దున్నే మంచు పడుతుంది, వంతెన మీద గాలి కూడా గట్టిగానే వీస్తుంది. ఆవిడను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, కప్పుకోవడానికి ఒక శాలువా ఇవ్వు.