రీసెట్ కొట్టే ముందు హిస్టరీ చదువు

తమ్ముడూ,

ఆర్డర్ వర్క్‌ఫ్లో (ఆర్డర్ పనుల వరుస) ఇరుక్కుపోయింది, బగ్ సరిచేసి కొత్త వర్కర్ (ఆ కోడ్ నడిపే ప్రోగ్రామ్) ఎక్కించాను, ఇక ఆ వరుసను నడిపించి ప్రతి అడుగూ రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ టెంపోరల్‌లో రీసెట్ కొట్టెయ్యనా అని అడిగావు. కొట్టొచ్చు. కానీ కొట్టగానే ఏం జరుగుతుందో ముందు తెలుసుకో. నడుస్తున్న రన్, అంటే ఆ వర్క్‌ఫ్లో ఇప్పటి విడత, టెర్మినేట్ అవుతుంది. అదే వర్క్‌ఫ్లో ఐడీతో కొత్త రన్ పుడుతుంది, దాని రన్ ఐడీ మాత్రం వేరు. నువ్వు చూపించిన చోటి వరకు పాత హిస్టరీ (జరిగిన ఈవెంట్ల జాబితా) అందులోకి వస్తుంది, అక్కణ్నుంచి కొత్త కోడ్ నడుస్తుంది.

ఆ చోటు ఏదన్నదే అసలు సంగతి. ‘టెంపోరల్ వర్క్‌ఫ్లో షో’ కొట్టి హిస్టరీ మొత్తం చదువు. ‘వర్క్‌ఫ్లో టాస్క్ కంప్లీటెడ్’ (తర్వాత ఏం చేయాలో కోడ్ తేల్చిన చోటు) అని ఉన్న ఈవెంట్ల నంబర్లు రాసిపెట్టుకో, వాటిలోంచే ఒకటి రీసెట్‌కి ఇస్తావు. 10వ ఈవెంట్ అలాంటిదే అనుకుందాం, దాని వెంటనే 11లో పేమెంట్ యాక్టివిటీ (డబ్బు కట్ చేసే అడుగు) షెడ్యూల్ అయింది. 16 కూడా అలాంటిదే, 17లో కొరియర్ బుకింగ్. రీసెట్‌కి 10 ఇచ్చావంటే పేమెంట్ మళ్లీ నడుస్తుంది. 16 ఇస్తే పేమెంట్ ఫలితం హిస్టరీలో అలాగే ఉంటుంది, కొరియర్ ఒక్కటే మళ్లీ బుక్ అవుతుంది. ఒక్క నంబర్ తేడాతో కస్టమర్ ఖాతాలో రెండోసారి డబ్బు కట్ కావచ్చు. ఒకసారి పోయిన డబ్బును టెంపోరల్ వెనక్కి తేలేదు.

పేమెంట్ గేట్‌వేకి ఐడెంపొటెన్సీ కీ (ఒకే పేమెంట్ రెండుసార్లు పడకుండా గుర్తుపట్టే కోడ్) పంపుతున్నాం కదా అని ధీమాగా ఉండకు. కోడ్ తెరిచి ఆ కీ దేనితో తయారవుతోందో చూడు. రన్ ఐడీతో అయితే రీసెట్ తర్వాత కీ మారిపోతుంది, గేట్‌వే దాన్ని కొత్త పేమెంట్ అనుకుంటుంది. ఆర్డర్ నంబర్‌తోనో వర్క్‌ఫ్లో ఐడీతోనో కట్టిన కీ అయితేనే నిలుస్తుంది. ఇదొక్కటి మాత్రం ఎంత హడావిడిలోనైనా వదలకు.

సిగ్నల్స్ (నడుస్తున్న వర్క్‌ఫ్లోకి బయటి నుంచి పంపిన సందేశాలు) పోతాయేమోనని టెన్షన్ వద్దు. రీసెట్ చోటు తర్వాత వచ్చినవాటిని మామూలుగా టెంపోరలే కొత్త రన్‌లో మళ్లీ వేస్తుంది. నేమ్‌స్పేస్ (టెంపోరల్‌లో వర్క్‌ఫ్లోలు ఉండే విభాగం) సరిచూసుకో. రీజన్ దగ్గర ‘ఫిక్స్’ అని ముక్తసరిగా రాయకు, ఏ బగ్, ఏ డిప్లాయ్ అన్నది రాయి. రేపు హిస్టరీ చూసేవాడికి అదే దిక్కు.

క్వెరీ (వెతికే షరతు) ఇచ్చి వందల వర్క్‌ఫ్లోలను ఒకేసారి రీసెట్ చేసే వీలుంది. ఇవాళ దాని జోలికి పోకు. ఒక్కటి రీసెట్ చేసి ‘డిస్క్రైబ్’ కొట్టు, గేట్‌వే డ్యాష్‌బోర్డులో ఆ ఆర్డర్‌కి ఒకే ఎంట్రీ ఉందని కళ్లతో చూశాకే మిగతావి ముట్టుకో.

మీ అన్న