స్కూటేజ్ అంటే ఏమిటి? డబ్బు కడితే యుద్ధానికి వెళ్లక్కర్లేదా?

రాజు ఒప్పుకుంటే వెళ్లక్కర్లేదు: మధ్యయుగ ఇంగ్లండులో సైనిక సేవకు బదులుగా భూస్వాములు రాజుకు కట్టిన సొమ్మే స్కూటేజ్. లాటిన్‌లో ‘స్కూటుమ్’ అంటే డాలు, కాబట్టి దీన్ని డాలు పన్ను అనుకోవచ్చు.

రాజు దగ్గర భూమి పొందిన ప్రభువు అందుకు బదులుగా యుద్ధమొస్తే ఇంతమంది నైట్లను, అంటే గుర్రపు యోధులను, పంపాలి. వాళ్ల సేవ మామూలుగా ఏడాదికి 40 రోజులు. సముద్రం దాటి ఫ్రాన్స్‌లో పోరాడే రాజుకు 40 రోజులు ఏ మూలకు? అదే డబ్బయితే, జీతం ఇచ్చినన్నాళ్లూ ఉండే కిరాయి సైనికులను పెట్టుకోవచ్చు. కాబట్టి ఈ ఏర్పాటు రాజుకూ లాభమే.

ఉదాహరణకు, 1159లో ఫ్రాన్స్‌లోని తులూజ్ మీద దండయాత్ర కోసం ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఒక్కో నైట్ మాన్యానికి, అంటే ఒక నైట్‌ను పంపాల్సిన భూమికి, 2 మార్కులు వసూలు చేశాడు. మార్కుకు 160 పెన్నీలు, అంటే మొత్తం 320. అప్పట్లో నైట్ జీతం రోజుకు 8 పెన్నీలు. 40 రోజులకు లెక్కేయండి, సరిగ్గా అంతే!

చాలామంది దీన్ని పిరికివాళ్లు కట్టే జరిమానా అనుకుంటారు. కాదు. మఠాధిపతులు, బిషప్పులు కూడా తమ భూములకు కట్టేవారు. పైగా కట్టడమా, వెళ్లడమా అన్నది ప్రతిసారీ ప్రభువుల ఇష్టం కాదు. జాన్ రాజు దీన్ని మాటిమాటికీ విధించాడు. 1214లో రేటు 3 మార్కులకు పెంచేసరికి చాలామంది ప్రభువులు కట్టబోమన్నారు. మరుసటి ఏడాది, రాజు అధికారాలకు హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అనే ఒప్పందపత్రం 12వ నిబంధనలో, రాజ్యంలోని పెద్దల సమ్మతి లేకుండా స్కూటేజ్ విధించకూడదని రాయించారు.