తెల్లబరచడం సరే, ముందు ఆ ఒక్క పన్ను సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. టీ ఎక్కువగా తాగుతాను, పళ్లు బాగా పచ్చబడ్డాయి. రెండు నెలల్లో కొత్త ఉద్యోగంలో చేరాలి, రోజంతా మనుషులతో మాట్లాడే పని. క్లినిక్‌లో అడిగితే ఒక్క సిట్టింగ్‌లో, గంటన్నరలో తెల్లగా చేసేస్తామన్నారు. మా అక్కేమో ఇంట్లో అంటించుకునే స్ట్రిప్స్ చాలంటోంది. ఈలోగా రెండు వారాలు నిమ్మరసం, వంటసోడా కలిపి రుద్దాను. ఇప్పుడు చన్నీళ్లు తాగితే జివ్వుమంటోంది. ఏది మంచిదో చెప్పండి. అన్నట్టు, పై వరసలో ముందు పన్ను ఒకటి మిగతావాటికంటే నల్లగా ఉంటుంది. చిన్నప్పుడు పడితే దెబ్బ తగిలింది. – ఒక పాఠకురాలు

జవాబు: ఉత్తరమంతా రాసి చివర్లో 'అన్నట్టు' అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. దెబ్బ తగిలిన పన్ను నల్లబడిందంటే లోపలి నరం ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు. నొప్పి లేదు కదా అనుకోకండి, నొప్పి లేకుండానే వేరు కొసన చీము చేరుతుంది. ఒక్కోసారి నరం బతికే ఉండి, పంటి లోపల నరం ఉండే గది పూడుకుపోయినా రంగు మారుతుంది. ఏ సంగతీ ఎక్స్‌రే తీస్తేగాని తెలియదు. నరం చచ్చిపోయి ఉంటే రూట్ కెనాల్ చేసి, పన్ను వెనకవైపు నుంచి లోపల మందు పెట్టి మూసేస్తారు. కొన్ని రోజులకోసారి ఆ మందు మారుస్తుంటే పన్ను లోపలి నుంచి తెల్లబడుతుంది. అది చూసుకోకుండా పైపైన తెల్లబరిచే జెల్ రాస్తే మిగతా పళ్లు తెల్లబడి, ఇదొక్కటీ ఇంకా నల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

నా అనుభవమే చెబుతాను. చదువుకునే రోజుల్లో నా ముందు పన్ను అంచు కాస్త విరిగితే సిమెంటు పెట్టారు. పంటి రంగులో ఎంత బాగా కలిసిపోయిందంటే, అది ఉందన్న సంగతే మర్చిపోయి ట్రే (తెల్లబరిచే జెల్ వేసి పళ్లకు తొడుక్కునే అచ్చు) పెట్టుకుని పళ్లు తెల్లబరుచుకున్నాను. రెండు వారాలకి అద్దంలో చూసుకుంటే పళ్లన్నీ తెల్లగా ఉన్నాయి, ఆ మూల మాత్రం పసుపు అంటుకున్నట్టుంది. సిమెంటు మీదా క్యాపుల మీదా ఈ మందు పనిచేయదు. చదివేది అదే చదువు, అయినా తట్టలేదు! వెంటనే మార్చినా కుదరదు. తెల్లబరిచిన పంటికి కొత్త సిమెంటు సరిగా అతుక్కోదు, రంగు కూడా స్థిరపడి ఉండదు. రెండు వారాలు పెదవి అడ్డం పెట్టుకుని నవ్వాను.

నిమ్మరసం ఈ రోజే మానేయండి. పులుపు పంటి పై పొరను, అంటే ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది, మెత్తబడిన పొరను మీరే బ్రష్‌తో రుద్ది తీసేస్తున్నారు. అది మళ్లీ పెరగదు. దాని కింద ఉండే డెంటిన్ రంగే పసుపు, కాబట్టి రుద్దినకొద్దీ పళ్లు ఇంకా పచ్చగానే కనబడతాయి. బొగ్గుపొడితో వచ్చేదీ అరుగుదలే. జివ్వుమనడం తగ్గేదాకా పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడండి, అప్పటిదాకా తెల్లబరిచే మందు ఏదీ ముట్టుకోవద్దు.

టీ మరకలు చాలావరకు పంటి పైనే ఉంటాయి. ముందు గార తీయించి క్లీనింగ్ చేయించుకోండి. నా దగ్గరికి తెల్లబరచమని వచ్చేవాళ్లలో చాలామంది క్లీనింగ్ అయ్యాక అద్దం చూసుకుని, ఇది చాలండీ అని వెళ్లిపోతారు.

చాలకపోతే అప్పుడు మీరడిగిన ప్రశ్న. క్లినిక్‌లో తెల్లబరిచే మందుగా సాధారణంగా 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. చిగుళ్లకు తగిలితే కాలి తెల్లగా పొక్కుతాయి, అందుకే ముందు వాటిమీద రక్షణ పొర వేస్తారు. డాక్టరు ఇచ్చే ట్రేలో ఎక్కువగా వాడేది 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అందులోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ 3.5 శాతం దాకానే. రాత్రి పెట్టుకుని పడుకునే ఈ పద్ధతి 1989 నుంచీ ఉంది. రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే తెలుపుకి, తేడా అంతా ఎన్ని రోజుల్లో అన్నదే. నీలిరంగు లైటు వేసినంత మాత్రాన నిలిచే తెలుపేమీ ఎక్కువ రాదు. పైగా గంటన్నర నోరు తెరిచి కూర్చుంటే పళ్లు ఆరిపోయి, ఉన్నదానికంటే తెల్లగా కనబడతాయి. నాలుగు రోజుల్లో కొంత వెనక్కి వస్తుంది. అందుకే నేను పంటి రంగును పోల్చి చూసే షేడ్ కార్డును పన్ను తడిగా ఉన్నప్పుడే పక్కన పెట్టి చూస్తాను.

మీకు రెండు నెలల టైముంది, తొందరేం లేదు. పైగా పళ్లు ఇప్పటికే జివ్వుమంటున్నాయి. నన్నడిగితే మీ పళ్ల కొలతతో చేసిన ట్రేనే మేలు. జెల్ ఒక్కో పంటికి చిన్న బొట్టు చాలు, చిగుళ్ల మీదికి వచ్చింది తుడిచేయండి. మళ్లీ జివ్వుమంటే రాత్రి విడిచి రాత్రి పెట్టుకోండి. మీ అక్కగారు చెప్పిన స్ట్రిప్స్ కూడా మరీ తీసిపారేసేవి కావు, వరస సరిగ్గా ఉంటే పనిచేస్తాయి. వంకర పళ్ల సందుల్లోకి మాత్రం చేరవు. గర్భంతో ఉంటే ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

రేపు క్లినిక్‌కి వెళ్లగానే ఆ ముందు పన్నుకు ఎక్స్‌రే తీయమనండి. అవసరం లేదు, ముందు సిట్టింగ్‌కు డేట్ తీసుకోండి అన్నారా, వేరే డాక్టర్ని చూసుకోండి.