‘ఐయామ్ సెర్చింగ్ ఎ జాబ్’ అని రాయకండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. హనుమకొండలో డిగ్రీ ఫైనలియర్, తెలుగు మీడియం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్షకు చదువుతున్నాను. సెర్చ్, సీక్, బ్రౌజ్, స్కౌర్... నా నోట్‌బుక్‌లో అన్నిటి పక్కనా ‘వెతుకుట’ అనే ఉంది. మాక్ టెస్టులో మాత్రం ఇవే తప్పు పోతున్నాయి. ఇంకెన్ని పదాలు బట్టీ పట్టాలి సార్?

జవాబు: కొత్త పదాలు కొన్నాళ్లు ఆపండి. ఉన్నవి చాలు. ఇబ్బందంతా ఆ ‘వెతుకుట’తోనే. ఇంట్లో తాళంచెవి కనబడకపోతే మీరు దేవులాడతారు. పోలీసులైతే సోదా చేస్తారు. పిల్లకు సంబంధం వస్తే పెద్దవాళ్లు ఆరా తీస్తారు. తప్పిపోయిన బర్రె జాడ పట్టుకుని పోతారు. ఇన్ని మాటలు నోట్లో ఉంచుకుని నోట్‌బుక్‌లో ఒక్కటే రాస్తే, పరీక్షలో నాలుగు ఆప్షన్లూ ఒకేలా కనబడతాయి మరి.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు తినేది సెర్చ్. మేడారం జాతరలో పోలీసు మీ సంచి తెరిచి చూస్తే ‘సెర్చ్’. ఆ సంచే పోయి మీరు గద్దెల చుట్టూ తిరుగుతుంటే ‘సెర్చ్ ఫర్’. సంచిలో వెతకడం, సంచి కోసం వెతకడం: తేడా అంతా ఆ ‘ఫర్’లోనే. నా దగ్గరకు వచ్చే రెజ్యూమేల్లో ‘ఐయామ్ సెర్చింగ్ ఎ జాబ్’ అనే వాక్యం తరచూ కనబడుతుంది. ఉద్యోగాన్ని సోదా చేస్తున్నానన్నట్టు! అక్కడ ‘లుకింగ్ ఫర్’ అనాలి. ఇక వెతుకుతున్నంతసేపూ సెర్చ్, దొరికాక ఫైండ్.

సీక్ అర్జీల్లో కనిపించే మాట. అనుమతి, సాయం, సలహా కోరేటప్పుడు వాడతారు. పోయిన చెప్పు కోసం ఎవరూ సీక్ చేయరు. ‘ఐ సీక్ యువర్ పర్మిషన్’ అంటే చాలు, మధ్యలో ‘ఫర్’ అక్కర్లేదు. దీని భూతకాలం ‘సాట్’. తప్పు పట్టమనే ప్రశ్నల్లో ‘సీక్డ్’ అని కనబడితే అదే తప్పు.

బ్రౌజ్ అంటే నిజానికి మేకలు మండలు, చిగుళ్లు మేయడం. ఇక్కడో కొరుకు, అక్కడో కొరుకు. బట్టల షాపులో ఏదీ కొనకుండా చూస్తూ తిరగడమూ, ఫోన్లో పేజీలు తిప్పడమూ అదే. (వాళ్ల బ్రౌజ్‌లో మేక ఉంటే మన ‘గవేషణ’లో ఆవు ఉంది. గో, ఏషణ కలిసిన మాట అది. తప్పిపోయిన పశువును వెతకడం ఎవరికైనా మొదటి పరిశోధనే కదా.)

కోమ్ అంటే మీకు వేరే చెప్పనక్కర్లేదు. మన పేపర్లలో ఏళ్లతరబడి ‘కూంబింగ్’ అని చదివిందే. దువ్వెన పళ్లు జుట్టులోంచి పోయినట్టు అడవిని అంగుళం వదలకుండా గాలించడం. స్పెల్లింగ్‌లో చివరి ‘బి’ పలకదు, అసలు ఉచ్చారణ ‘కోమింగ్’. స్కౌర్ కూడా దాదాపు ఇదే, జల్లెడ పట్టడం. ఇన్వెస్టిగేట్‌లో ‘అడుగుజాడ’ అనే అర్థమున్న లాటిన్ మాట దాగి ఉంది, కాబట్టి జాడ తీయడమని రాసుకోండి. హంట్ వేట. ఎక్స్‌ప్లోర్ అంటే ఏం దొరుకుతుందో తెలియకుండానే కొత్త చోట తిరిగి చూడడం.

సీజీఎల్ తొలి దశ అయిన టైర్ 1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. అందుకే నోట్‌బుక్‌లో ‘వెతుకుట’లన్నీ కొట్టేయండి. ప్రతి పదం పక్కన మీ ఇంట్లో వాడే క్రియ ఒకటి, మీ ఊళ్లో జరిగే వాక్యం ఒకటి రాయండి. రోజుకు రెండు చాలు. అవయ్యాక ‘లుక్’ కుటుంబం పట్టండి: డిక్షనరీలో పదం చూడడం లుక్ అప్, ఫిర్యాదు సంగతి విచారించడం లుక్ ఇంటూ. లుక్ ఆఫ్టర్ మాత్రం వెతకడం కాదు, ముసలి తల్లిని చూసుకోవడం.