స్కాన్‌లో గుండె చప్పుడు విన్నాక గర్భం తీయించుకుంటే హత్యేనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ సిజేరియన్‌తోనే పుట్టారు. చిన్నదానికి పది నెలలు, ఇంకా పాలు తాగుతోంది. కాన్పు తర్వాత నెలసరి రాలేదు. నిరోధ్ వాడుతూనే ఉన్నాం. వాంతులవుతుంటే స్కాన్ చేయించుకున్నాను. ఎనిమిది వారాలన్నారు, గుండె చప్పుడు వినిపించారు. తీయించేద్దామని మావారు అంటున్నారు. ‘ప్రహ్లాదుడు కడుపులో ఉండగానే నారదుడి మాటలు విన్నాడు, అది ప్రాణం కాదా’ అని అత్తయ్య ఏడుస్తున్నారు. మూడో బిడ్డను పెంచే ఓపిక నాకు లేదు. కానీ ఆ చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. నేను చేయబోయేది హత్యా?
– ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ చప్పుడు సంగతి చూద్దాం. గర్భం వయసును మేము, డాక్టర్లం, ఆఖరి నెలసరి నుంచి లెక్కిస్తాం. మీకు నెలసరే రాలేదు కాబట్టి పిండాన్ని కొలిచి ఎనిమిది వారాలని చెప్పి ఉంటారు. అంటే అది ఏర్పడి ఆరు వారాలు. పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. మా లెక్కలో ఆరో వారానికే, ఇంకా గొట్టంలా ఉన్న దశలోనే, గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. నొప్పి తెలియాలంటే మాత్రం ఒంటి కబురు మెదడు పైపొరకు చేరాలి. ఆ దారులు 24 వారాలకు ముందు ఏర్పడవన్నది ఎక్కువమంది నిపుణుల మాట. శబ్దానికి స్పందించడం కూడా ఇంచుమించు ఆరో నెల ముచ్చటే. ఈ మాటతో మీ అత్తయ్య ఊరుకుంటారని నేను అనుకోవడం లేదు.

అది ప్రాణం కాదని నేను అనను. ప్రాణమే. అది మనిషి ఎప్పుడవుతుందన్నది మాత్రం ఏ స్కాన్ యంత్రానికీ దొరకదు. ఈ విషయంలో మన పాతవాళ్లే ఒక్క మాట మీద లేరు. ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను ఘోరపాపమన్నాయి. నాలుగో నెలలో చైతన్యం బయటపడుతుందని ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు రాశాడు. అప్పటి నుంచి తల్లిని దౌహృదిని, అంటే రెండు హృదయాలు గలది, అన్నాడు. గర్భోపనిషత్తు లెక్కలో జీవుడు చేరేది ఏడో నెలలో. ముస్లిం పండితుల్లో చాలామంది 120 రోజులంటారు. కథోలిక సంఘం మొదటి క్షణం నుంచే అంటుంది. నా మట్టుకు నాకు, కడుపులోని జీవం మనపై పెట్టే బాధ్యత వారం వారం బరువెక్కుతుందనిపిస్తుంది. ఎనిమిది వారాల దగ్గర హత్య అనే మాట నా నోట రాదు. 26 వారాల దగ్గర మాత్రం నాకే నిద్ర పట్టదు. ఇది నా నమ్మకం, దీన్ని వైద్యశాస్త్రం అనుకోకండి.

మన చట్టం నడకా కొంత ఇలాగే ఉంటుంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని 2021లో సవరించారు. గర్భనిరోధక పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని 20 వారాల వరకు ఒక అర్హత గల డాక్టరు అభిప్రాయంతో తీయవచ్చు. 24 వారాల వరకైతే కొన్ని వర్గాల మహిళలకే, అదీ ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో. మీలాగే ఇద్దరు పిల్లల తల్లి, పాలిస్తుండటంతో నెలసరి రాక గర్భం సంగతి ఆలస్యంగా తెలుసుకున్న ఒకావిడ కేసు 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. మొదట అనుమతి వచ్చింది, తర్వాత ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట అన్నారు. చివరికి అక్టోబరు 16న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతి నిరాకరించింది. అప్పటికి 26 వారాలు దాటాయి, బిడ్డలో లోపమేమీ లేదు. ఎనిమిదో వారంలోనే తెలిసి ఉంటే ఆవిడకు ఆ మెట్లెక్కే అవసరమే ఉండేది కాదు.

(పాలిస్తుంటే గర్భం రాదన్న ధీమా ఆరు నెలల లోపు, బిడ్డకు పగలూ రాత్రీ తల్లిపాలే పడుతూ, నెలసరి రాకుండా ఉన్నంతవరకే పనికొస్తుంది. ఇది కాన్పుల వార్డులోనే చెప్పాలి, చాలాసార్లు చెప్పం. తప్పు మాదే.)

ఇక మీ ఒంటి సంగతి. రెండు సిజేరియన్లు అయ్యాయి కాబట్టి గర్భసంచి మీద పాత కుట్టు ఉంటుంది. పిండం ఆ కుట్టులో నాటుకోలేదు కదా అని స్కాన్‌లో ప్రత్యేకంగా చూడమనండి. ఇది చూడకుండా మందుల షాపులో గర్భం తీసే మాత్రల కిట్ కొని మింగితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మాత్రలతో తీయడానికి మన నిబంధనల్లో తొమ్మిది వారాల వరకే వీలుంది. ఆ తర్వాత అయితే చిన్న గొట్టంతో పీల్చి తీసే పద్ధతి. హిమోగ్లోబిన్ చూపించుకోండి. రక్తం నెగెటివ్ గ్రూపైతే, తర్వాతి గర్భంలో బిడ్డకు ముప్పు రాకుండా ఇచ్చే యాంటీ–డి ఇంజెక్షన్ గురించి అడగండి. ఉంచుకుంటే కూడా నిజం తెలిసి ఉండాలి. రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర నిండదు. కుట్టు విడిపోయే ముప్పు, మాయ అతుక్కుపోయే ముప్పు ఎక్కువ. పెద్దాసుపత్రిలో దగ్గరి పర్యవేక్షణ ఉంటే చాలామంది క్షేమంగానే కంటారు.

మీ ఉత్తరమంతా మావారన్నారు, అత్తయ్యన్నారు అనే నడిచింది. మీ మాట ఒక్క వాక్యం, ఓపిక లేదని. 18 ఏళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో లేదు. ఆసుపత్రిలో అడిగితే ఆ మాటే చెప్పండి. మీ వివరాలు బయటపెట్టకూడదని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ వారంలోనే వెళ్లండి. మీవారినీ అత్తయ్యనూ బయట బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరు గదిలోకి మీరొక్కరే వెళ్లండి. తీయించుకోవాలనుకున్నా, ఉంచుకోవాలనుకున్నా మొదట అక్కడ చెప్పండి. తర్వాత వాళ్లకు చెప్పవచ్చు.